విన్న బోధను వాక్యంతో సరిచూసుకోవడం ఎలా? బెంగళూరులో ఉంటున్న తెలుగు విశ్వాసుల కోసం

"అన్నా, ఆ మీటింగ్‌కి వెళ్లొచ్చా?" "అక్కా, ఈ వీడియోలో చెప్పేది నిజమేనా?" "అమ్మ ఊరి నుంచి ఒక ఆడియో పంపింది, కానుక పంపమంటోంది, పంపేయనా?" మారతహళ్లి, బెల్లందూరు, కె.ఆర్. పురం వైపు తెలుగు సహవాసాల్లో బైబిల్ స్టడీ నడిపేవాళ్లకు ఈ మూడు ప్రశ్నలూ తప్పవు. అడిగినవాళ్లకు "ఆయన మంచివాడు, ఈయన దగ్గరికి వెళ్లకండి" అని పేర్లు చెప్పడం తేలికే. కానీ ఈ నెల ఒక పేరు, వచ్చే నెల ఇంకో పేరు. అందుకే ఎవరి పేరూ లేకుండా, ఎవరి బోధనైనా మీరే సరిచూసుకునే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

ఊళ్లో ఉన్నప్పుడు ఈ అవసరం అంతగా కనిపించదు. పాస్టర్ గారి ఇల్లు తెలుసు, పాస్టరమ్మ గారు తెలుసు, పిల్లల ఫీజులు ఎలా కడుతున్నారో కూడా సంఘానికి తెలుసు. ఇక్కడికి వచ్చాక పీజీ గది, ఆఫీసు, ఒక ఆదివారం ఒక చర్చి, ఇంకో ఆదివారం ఇంకొకటి, మిగతా రోజులన్నీ ఫోన్. చెప్పేవాళ్ల జీవితం మనకు తెలియదు, మన జీవితం వాళ్లకు తెలియదు. తప్పుడు బోధ తేలిగ్గా చొరబడేది ఇలాంటి చోటే.

"పరీక్షించడం అంటే దైవజనుణ్ణి అవమానించడం కదా" అని చాలామంది భయపడతారు. బెరయ అనే పట్టణంలో ఉన్నవాళ్లు సాక్షాత్తూ అపొస్తలుడైన పౌలు చెప్పిన మాటలనే రోజూ లేఖనాలు తెరిచి సరిచూశారు. అందుకు అపొస్తలుల కార్యములు 17:11 వాళ్లను ఘనులని మెచ్చుకుంది. పైగా ఈ పని వెనక ఉండాల్సింది అనుమానం కాదు, ప్రేమ. 2 కొరింథీయులు 11:2 నుంచి 4 వరకు చదవండి. క్రీస్తుకు ప్రధానం చేసిన కన్యకలాగా సంఘం ఆయనకే నమ్మకంగా ఉండాలని పౌలు తపన. సర్పం హవ్వను మోసం చేసినట్టు ఎవరైనా వచ్చి ఇంకో యేసును, ఇంకో సువార్తను ప్రకటిస్తే వీళ్లు అటు వెళ్లిపోతారేమోనని ఆయన భయం. వచ్చేవాళ్లు కూడా యేసు పేరే చెబుతారు, అందుకే అంత భయం. మీ మనసు క్రీస్తు దగ్గరే నిలిచి ఉండాలంటే ఈ సరిచూసుకోవడం ఒక అలవాటు కావాలి.

కావలసినవి

- పూర్తి బైబిలు, అచ్చు ప్రతి. మనం చిన్నప్పటి నుంచి వింటున్న పాత అనువాదం ఒకటి ఉంటే చాలు. దాని భాష కష్టంగా ఉంటే పక్కన సులువైన తెలుగు అనువాదం ఒకటి పెట్టుకోండి. బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా కేంద్ర కార్యాలయం ఇక్కడి ఎం.జి. రోడ్డులోనే ఉంది, తెలుగు బైబిలు కోసం అక్కడ అడగండి. యాప్ వాడినా ఫర్వాలేదు, కానీ ఒక్క వచనం చూసి మూసేయకుండా అధ్యాయం మొత్తం తెరవాలి.
- ఒక నోట్‌బుక్, పెన్ను.
- విశ్వాసంలో మీకంటే పెద్దవాళ్లు ఇద్దరు. వాళ్లలో ఒకరైనా మీరు పరీక్షిస్తున్న గుంపుకు బయటివాళ్లు అయి ఉండాలి.
- కనీసం వారం రోజుల టైమ్. "ఈ రాత్రే నిర్ణయం తీసుకో" అన్న ఒత్తిడి ఉంటే, ఆ ఒత్తిడినే మొదటి హెచ్చరికగా రాసుకోండి.

గ్రీకు, హెబ్రీ భాషలు రానవసరం లేదు. బైబిల్ కాలేజీలో చదవనవసరం లేదు. "మూల భాషలో అసలు అర్థం వేరు, అది మాకే తెలుసు" అనేవాళ్లు ఎదురైతే మాత్రం రెండు మూడు అనువాదాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఏ అనువాదంలోనూ కనిపించని అర్థం ఒక్క బోధకుడికే కనిపిస్తోందంటే ఆగాల్సిందే.

1. ముందు క్రీస్తును సువార్తల్లో చూడండి

ఈ అడుగు దాటేసి నేరుగా తప్పులు వెతకడానికి వెళ్లేవాళ్లే ఎక్కువ. అసలు యేసు ఎవరో బాగా తెలియకుండా "ఇంకో యేసు"ను గుర్తుపట్టలేం.

రోజుకు ఒక అధ్యాయం చొప్పున ఈ వరుసలో చదవండి: మార్కు (16), యోహాను (21), గలతీయులు (6), కొలొస్సయులు (4), 1 యోహాను (5). మొత్తం 52 అధ్యాయాలు, రెండు నెలలు కూడా పట్టదు. వైట్‌ఫీల్డ్ నుంచి మెజెస్టిక్ దాకా మెట్రోలో కూర్చుంటే రెండు మూడు అధ్యాయాలు హాయిగా అవుతాయి. సిల్క్ బోర్డ్ దగ్గర క్యాబ్ ఆగిపోయిందంటే ఇంకా ఎక్కువే అవుతాయి.

ప్రతి అధ్యాయానికీ నోట్‌బుక్‌లో ఒక్క లైను: ఇక్కడ ఆయన ఏం చేశాడు, ఏం చెప్పాడు? ఆ లైనునే ఆ రోజు ప్రార్థనగా మార్చుకోండి. కుష్ఠరోగిని ముట్టుకున్నాడని చదివితే, నన్నూ అలాగే ముట్టు ప్రభువా అని అడగండి. ఇది తప్పులు వెతికే చదువు అయిపోకూడదు. ఆయనతో కూర్చునే టైమ్ ఇది.

చదవడానికి ఓపిక లేని రోజుల్లో ఆడియో బైబిలు వినండి. ప్రసంగాలు వినడం మాత్రం దీనికి బదులు కాదు.

2. విన్న బోధను రెండు వాక్యాల్లో రాయండి

సంగీతం ఆగాక, హాలు దాటి బయటికి వచ్చాక రాయండి. మొదటి వాక్యం: ఏం చెప్పారు? రెండో వాక్యం: నన్ను ఏం చేయమన్నారు?

ఉదాహరణకు: "విత్తనం విత్తితే దేవుడు వందరెట్లు ఇస్తాడు అన్నారు. ఈ నెల జీతం మొత్తం కానుకగా వేయమన్నారు." హాల్లో కీబోర్డ్ మోగుతుంటే కళ్లలో నీళ్లు తెప్పించిన మాట, తెల్ల కాగితం మీద ఇలా ఉంటుంది. సగం బోధల సంగతి ఇక్కడే తేలిపోతుంది.

జాగ్రత్త: వాళ్లు అన్నదే రాయండి, మీకు అనిపించింది కాదు. వీడియో అయితే ఎన్నో నిమిషంలో అన్నారో కూడా రాయండి. రీల్ చూసి తీర్పు చెప్పకండి. నలభై నిమిషాల ప్రసంగంలో ముప్పై సెకన్లు కత్తిరించి, మంచి బోధకుణ్ణి కూడా దొంగ బోధకుడిలా చూపించడం ఇప్పుడు చాలా తేలిక. పూర్తి ప్రసంగం దొరక్కపోతే ఆ విషయం పక్కన పెట్టేయండి.

3. వాళ్లు చూపించిన వచనానికి ముందూ వెనకా చదవండి

ఈ వ్యాసంలో ఒక్క అడుగే గుర్తుంటుందంటే, ఇది గుర్తుండాలని కోరుకుంటాను. అద్దె ఇంటికి పది నెలల అడ్వాన్స్ ఇచ్చేముందు అగ్రిమెంట్ మొత్తం చదువుతాం కదా, వచనాన్నీ అలాగే మొదటి నుంచి చదవాలి. అధ్యాయం మొత్తం చదివి నాలుగు విషయాలు రాయండి: ఎవరు మాట్లాడుతున్నారు, ఎవరితో, ఏ పరిస్థితిలో, చివరికి ఏం చేయమంటున్నారు.

రెండు వచనాలు చేసి చూపిస్తాను. రెండూ మీరు విన్నవే.

మొదటిది యిర్మీయా 29:11. కొత్త సంవత్సరం వాగ్దాన కార్డుల్లో ఎక్కువగా కనిపించే వచనాల్లో ఇదొకటి. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న మాట చూపించి, ఈ ఏడాదే ప్రమోషన్, ఈ ఏడాదే వీసా, ఈ ఏడాదే పెళ్లి అని ప్రకటిస్తారు. ఇప్పుడు 28వ అధ్యాయం నుంచి చదవండి. హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో అందరి ముందు నిలబడి, రెండేళ్లలో బబులోను కాడి విరిగిపోతుంది, అన్నీ వెనక్కి వస్తాయి అని ప్రకటించాడు. వినడానికి ఎంత బాగుందో! యిర్మీయా మాత్రం దేవుడు నిన్ను పంపలేదు, నువ్వు ఈ ప్రజలు అబద్ధాన్ని నమ్మేలా చేస్తున్నావు అన్నాడు. హనన్యా ఆ ఏడే చనిపోయాడు. 29వ అధ్యాయం యిర్మీయా బబులోనుకు రాసిన ఉత్తరం. అక్కడ చెరలో ఉన్న యూదులకు అందులో ఏం చెప్పాడు? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి. 8, 9 వచనాల్లో, మీ మధ్య ఉన్న ప్రవక్తలు మిమ్మల్ని మోసం చేయకుండా చూసుకోండి అన్నాడు. 10వ వచనంలో డెబ్బై ఏళ్లు అన్నాడు. ఆ తర్వాతే మన కార్డు మీద ఉన్న 11వ వచనం.

అంటే, త్వరగా అంతా బాగైపోతుందని చెప్పిన అబద్ధ ప్రవక్తలకు జవాబుగా రాసిన ఉత్తరంలోని వచనాన్ని, అదే రకం మాట చెప్పడానికి వాడుతున్నాం. వచనంలోని ఓదార్పు ఎక్కడికీ పోలేదు. దేవుడు తన ప్రజలను మరిచిపోలేదు, డెబ్బై ఏళ్ల తర్వాతైనా మాట నిలబెట్టుకుంటాడు. ఉద్యోగం పోయినవాళ్లకు, ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉన్నవాళ్లకు, ఇంటికి దూరంగా ఉన్నవాళ్లకు, ఆ వాగ్దాన కార్డు కంటే ఈ ఉత్తరమే ఎక్కువ బలం ఇస్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను. మీరున్న పట్టణం కోసం ప్రార్థించండి అన్న మాట ఈ ఊరికి వలస వచ్చిన మనకు సూటిగా తగులుతుంది.

రెండోది కీర్తన 105:15, "నేను అభిషేకించినవారిని ముట్టకూడదు". పాస్టర్ గారిని ఒక ప్రశ్న అడిగినా ఈ వచనం తీసి నోరు మూయిస్తారు. 12వ వచనం నుంచి చదవండి. అక్కడ చెప్పింది అబ్రాహాము కుటుంబం గురించి. వాళ్లు కొద్దిమంది, పరదేశులు, ఒక రాజ్యం నుంచి ఇంకో రాజ్యానికి తిరుగుతున్నవాళ్లు. దేవుడు గద్దించింది రాజులను, వాళ్లకు హాని చేయవద్దని. ఆదికాండము 12లో ఫరో, 20లో అబీమెలెకు గుర్తుకొస్తారు. బోధను ప్రశ్నించకూడదన్న మాటే అక్కడ లేదు. దావీదు సౌలును చంపనన్నాడు నిజమే, కానీ అదే 1 సమూయేలు 24లో ఎదురుగా నిలబడి, నువ్వు ఎందుకు ఇలా చేస్తున్నావని అడిగాడు. రాజైన దావీదుతోనే నాతాను ప్రవక్త "ఆ మనుష్యుడవు నీవే" అన్నాడు. అంతియొకయలో పేతురు తప్పు చేస్తే పౌలు ముఖాముఖిగా ఎదిరించాడు (గలతీయులు 2:11). ఇక అభిషేకం మాటకొస్తే, 1 యోహాను 2:20 దాన్ని విశ్వాసులందరికీ ఇచ్చింది.

అలాగని బోధకుల మీద నోటికొచ్చింది మాట్లాడే లైసెన్సు దొరికినట్టు కాదు. 1 తిమోతి 5:19 ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా పెద్ద మీద ఆరోపణ తీసుకోవద్దంది. అడగడం వేరు, పుకారు మోయడం వేరు.

4. క్రీస్తుకు ఏ స్థానం ఇస్తున్నారో చూడండి

ఇక్కడ తప్పితే మిగతావన్నీ బాగున్నా ఆ బోధ మనకు వద్దు. నోట్‌బుక్‌లో ఈ ప్రశ్నలకు వాళ్ల మాటల్లో జవాబు రాయండి.

యేసు ఎవరు అంటున్నారు? "వాక్యము దేవుడై యుండెను" అని యోహాను 1:1. "నా ప్రభువా, నా దేవా" అని తోమా అంటే ఆయన వద్దనలేదు (యోహాను 20:28). యేసు గొప్పవాడే కానీ దేవుడు మొదట సృష్టించినవాడు మాత్రమే అని ఇంటింటికీ వచ్చి చెప్పేవాళ్లు ఉన్నారు. ఇది కొత్త మాట కాదు. నాలుగో శతాబ్దంలో అరియ అనే బోధకుడు ఇదే చెప్పాడు, 325లో నికయలో కూడిన సంఘ నాయకుల సభ వాక్యం చూసి దాన్ని తోసిపుచ్చింది. కొలొస్సయులు 1:15లో "ఆదిసంభూతుడు" అన్న మాట చూపిస్తే, 16వ వచనం కూడా చదవమనండి. సమస్తమూ ఆయన ద్వారానే సృష్టి అయింది.

సిలువ మీద ఆయన చేసింది సరిపోతుంది అంటున్నారా? లేక యేసుతో పాటు ఇంకేదో కావాలంటున్నారా? మా గుంపులో బాప్తిస్మం, మేం చెప్పిన పండుగ, ఈ కాలానికి వచ్చిన ఒక ప్రత్యేక మనిషి, తల్లి రూపంలో ఉన్న దేవుడు, ఇలా. ఆ చివరిదానికి గలతీయులు 4:26 చూపిస్తారు. రెండు వచనాలు వెనక్కి వెళ్లండి. హాగరు, శారాలు రెండు నిబంధనలకు గుర్తు అని పౌలే వివరంగా చెప్పాడు. ఎక్కడో భూమి మీద ఉన్న ఒక స్త్రీ గురించి ఆ అధ్యాయంలో ఒక్క మాట లేదు. క్రీస్తు ఫలానా చోట ఉన్నాడంటే నమ్మవద్దని ప్రభువే ముందుగా చెప్పాడు (మత్తయి 24:23).

దేవునికీ మనకూ మధ్య ఎవరు నిలబడ్డారు? 1 తిమోతి 2:5 ప్రకారం క్రీస్తుయేసు ఒక్కడే. "నా ప్రార్థన లేకపోతే నీ ఇల్లు నిలబడదు" అనే బోధకుడు ఆయన స్థానంలో కూర్చున్నట్టే.

తేలికైన దారి ఒకటుంది. సీఎస్ఐ, లూథరన్ చర్చిల్లో పెరిగినవాళ్లకు విశ్వాస ప్రమాణం నోటికి వచ్చే ఉంటుంది. దాన్ని కాగితం మీద రాసి, విన్న బోధను పక్కన పెట్టి ఒక్కో లైనూ చూడండి. ఎక్కడ పొసగడం లేదో వెంటనే కనిపిస్తుంది.

5. డబ్బు సంగతి మొహమాటం లేకుండా అడగండి

వాక్యం చెప్పేవారిని పోషించడం సంఘం బాధ్యత. 1 తిమోతి 5:18 ప్రకారం అది వాళ్ల హక్కు. ఇక్కడ చూడాల్సింది వేరు: డబ్బును దేవుని ఆశీర్వాదానికి రేటుగా పెడుతున్నారా? కొరింథులో కానుక పోగుచేసేటప్పుడు పౌలు తీతుతో పాటు వేరే సహోదరులను కూడా పంపించాడు. ఎవరూ వేలెత్తి చూపకూడదని, దేవుని దృష్టికే కాక మనుషుల దృష్టికి కూడా సరిగా ఉండాలని (2 కొరింథీయులు 8:20, 21). అంతటి అపొస్తలుడే లెక్క చూపించడానికి సిద్ధపడితే, మన సంఘాల్లో లెక్క అడగడం ఎలా తప్పవుతుంది?

చూడాల్సినవి: కానుక ట్రస్టు లేదా సొసైటీ అకౌంట్‌కు వెళ్తోందా, ఒక మనిషి సొంత యూపీఐకి వెళ్తోందా? రసీదు ఇస్తారా? ఏడాదికి ఒకసారైనా సంఘానికి లెక్క చెబుతారా? నూనె, రుమాలు, నీళ్లు అమ్ముతున్నారా? అమ్మకం కనిపిస్తే ఇంకేమీ చూడనక్కర్లేదు, ఎలీషా పేరు చెప్పి నయమాను దగ్గర వెండి తెచ్చుకున్న గేహజీ కథ 2 రాజులు 5లో చదవండి చాలు.

జాగ్రత్త: లోన్ తీసి, క్రెడిట్ కార్డు గీకి, చెల్లెలి పెళ్లి కోసం దాచినది తీసి కానుక వేయకండి. 2 కొరింథీయులు 9:7 సణుగుతూ, బలవంతంగా ఇవ్వవద్దంటోంది. పేరున్న బోధకుడి ఫొటోతో, గొంతుతో క్యూఆర్ కోడ్ వస్తే అది అసలు వాళ్లదేనో కాదో ముందు తేల్చుకోండి. మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఆలస్యమైతే డబ్బు చేయి దాటిపోతుంది.

ఇవ్వాలన్న మనసు ఉండి ఎక్కడ ఇవ్వాలో తెలియకపోతే, మీ ఊరి చిన్న సంఘానికో, మీకు తెలిసిన పేద విశ్వాసి ఆసుపత్రి బిల్లుకో నేరుగా ఇవ్వండి.

6. ప్రవచనం, స్వస్థత, తేదీ

ప్రవచనం నెరవేరితే చాలు అనుకోకండి. ద్వితీయోపదేశకాండము 13 మొదటి మూడు వచనాల ప్రకారం, చెప్పిన సూచన జరిగినా అది వేరే దేవుళ్ల వైపు తిప్పితే వినకూడదు. సంఘంలో ప్రవచనం చెబితే మిగతావాళ్లు దాన్ని వివేచించాలి (1 కొరింథీయులు 14:29). మీ పేరు, ఊరు, ఫోన్ నంబరు చెప్పారని ఆశ్చర్యపోయే ముందు, రిజిస్ట్రేషన్ ఫారంలో, ఇన్‌స్టాలో మీరు ఏమేం రాశారో గుర్తు చేసుకోండి.

క్రీస్తు రెండో రాకడ తేదీ చెబితే అక్కడే ఆపేయండి. ఆ దినం, ఆ గడియ ఎవరికీ తెలియదని ప్రభువే చెప్పాడు (మార్కు 13:32). అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడి అనుచరులు 1844 అక్టోబరు 22 అన్నారు, హెరాల్డ్ క్యాంపింగ్ అనే రేడియో బోధకుడు 2011 మే 21 అన్నాడు. నమ్మి ఉద్యోగాలు, ఆస్తులు వదులుకున్నవాళ్లు ఆ మర్నాడు లేచి మళ్లీ అదే లోకంలో బతకాల్సి వచ్చింది.

స్వస్థత కోసం తప్పకుండా ప్రార్థించండి. కానీ ఇది పెద్ద హెచ్చరిక: ఎవరు చెప్పినా సరే షుగర్, బీపీ, ఫిట్స్, టీబీ మందులు ఆపకండి. బాగైందనిపిస్తే టెస్ట్ చేయించి, డాక్టరు చెప్పాకే ఆపండి. జబ్బు తగ్గకపోతే నీకు విశ్వాసం లేదు అంటారు. పౌలు త్రోఫిమును జబ్బుతోనే మిలేతులో విడిచి వచ్చాడు (2 తిమోతి 4:20). తిమోతి కడుపు జబ్బుకు తగిన సలహా రాశాడు. పౌలు వెంట ఉన్న లూకా వైద్యుడు. డిప్రెషన్‌ను దయ్యం అని తేల్చేసి కొట్టే చోట ఒక్క నిమిషం కూడా ఉండకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడొచ్చు. ఎవరినైనా బంధించి, కొడుతుంటే అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయండి.

7. ఆ గుంపు మిమ్మల్ని ఎలా మారుస్తోంది?

కాఫీ షాపులో, మాల్‌లో, పీజీ టెర్రస్ మీద ఎవరో పరిచయమై, చాలా ప్రేమగా మాట్లాడి, బైబిల్ స్టడీకి పిలుస్తారు. కొత్త ఊళ్లో ఆ ప్రేమ ఎంత అవసరమో నాకు తెలుసు, అందుకే పిలిచిన ప్రతివాళ్లనూ అనుమానించమని చెప్పను. కానీ "ఇది పూర్తయ్యేదాకా మీ పాస్టర్ గారికి చెప్పొద్దు, ఇంట్లో చెప్పొద్దు" అంటే లేచి వచ్చేయండి. నేను బాహాటంగా మాట్లాడాను, రహస్యంగా ఏమీ చెప్పలేదని ప్రభువు ప్రధాన యాజకుడి ముందు అన్నాడు (యోహాను 18:20). సంఘం పేరేమిటి, ఎవరు నడుపుతారు అని అడిగితే సూటిగా జవాబు రాకపోయినా అంతే.

ఇంకా చూడండి: అమ్మానాన్నలతో ఫోన్ తగ్గిపోయిందా? పాత స్నేహితులందరూ "లోకస్థులు" అయిపోయారా? మానేయాలనుకుంటే శాపం వస్తుందని భయపెడుతున్నారా? నాయకుడి ఇంట్లో ఆయన కోపం, ఆయన మాట తీరు ఎలా ఉంది? చెట్టును ఫలాల వల్ల తెలుసుకోమన్నాడు ప్రభువు, స్టేజీ మీద కనిపించే వరాల వల్ల కాదు.

8. అడగండి, తర్వాత నిర్ణయించుకోండి

అందరి ముందు నిలదీయకండి. విడిగా, ఒక తోడు తీసుకుని వెళ్లండి. ఇలా అడగొచ్చు: "అయ్యగారూ, ఆదివారం మీరు చెప్పిన వచనం మళ్లీ అధ్యాయమంతా చదివాను. నాకు ఇలా అర్థమైంది. మీరు చెప్పినదానికి ఇది ఎలా కలుస్తుందో చెబుతారా?" మంచి కాపరి ఈ ప్రశ్నకు సంతోషిస్తాడు. బైబిలు తెరుస్తాడు. తప్పు చెప్పి ఉంటే ఒప్పుకుంటాడు కూడా, అలాంటి సేవకులు ఈ ఊళ్లోనే ఉన్నారు. కోపంతో శపిస్తే మీకు జవాబు దొరికినట్టే.

బయటికి రావాల్సి వస్తే మౌనంగా, మర్యాదగా రండి. మీతో పాటు చేరినవాళ్లకు మాత్రం కారణం చెప్పండి. వెంటనే ఇంకో సంఘంలో కుదురుకోండి. ఒంటరిగా యూట్యూబ్‌తో ఆదివారాలు గడిపితే తర్వాతి మోసానికి మీరే ముందుంటారు.

ఎక్కువమంది చేసే తప్పులు

ఒళ్లు పులకరించింది కాబట్టి నిజమే అనుకోవడం. వేలమంది వస్తున్నారు కాబట్టి నిజమే అనుకోవడం.

ప్రతి తేడానూ అబద్ధ బోధ అనేయడం. పసిబిడ్డలకు బాప్తిస్మం, అన్యభాషల్లో మాట్లాడడం, నగలు పెట్టుకోవడం, ఆరాధనలో డ్రమ్స్, ఇలాంటివాటిలో క్రీస్తును ప్రేమించేవాళ్లే వేర్వేరుగా ఆలోచిస్తారు. వీటికి రోమీయులు 14 చదవండి. 4వ అడుగులోని ప్రశ్నలకు మాత్రం అక్కడ చోటు లేదు.

ఇతరుల పాస్టర్లను పరీక్షించి, మన పాస్టర్ గారిని వదిలేయడం. ఈ వ్యాసాన్నీ అలాగే పరీక్షించండి, ఇందులోని వచనాలన్నీ తెరిచి చూడండి.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఇంకొకటి. దొంగ బోధకులను బయటపెట్టే వీడియోలు రాత్రి ఒంటిగంట దాకా చూసి, ప్రార్థన చేయకుండా పడుకోవడం. ప్రకటన 2లో ఎఫెసు సంఘం సరిగ్గా ఇలాగే ఉంది. అపొస్తలులు కాకుండానే అపొస్తలులమని చెప్పుకునేవాళ్లను పరీక్షించి పట్టుకుంది, ప్రభువు మెచ్చుకున్నాడు. వెంటనే, మొదట నీకున్న ప్రేమ వదిలేశావు అన్నాడు. ఎవరు తప్పో కచ్చితంగా తెలిసి, ఆయన మీద ప్రేమ చల్లారితే ఈ శ్రమంతా వృథా. అలాంటి వీడియోలు చూసిన రోజు, చూసినంతసేపూ సువార్త చదవాలని ఒక నియమం పెట్టుకోండి. చూడడం దానంతట అదే తగ్గుతుంది.

ఫలితం ఎలా తెలుస్తుంది?

52 అధ్యాయాలు అయ్యాక ఇవి చేసి చూడండి. ఏ బోధకుడి పేరూ ఎత్తకుండా ఐదు వాక్యాల్లో సువార్తను మీ పీజీ రూమ్మేట్‌కు చెప్పగలరా? ఒక వాగ్దానం వినగానే అది ఏ అధ్యాయంలోదో వెతకాలని చేయి బైబిలు వైపు వెళ్తోందా? ఆదివారం ఒక వారం తప్పితే శాపం తగులుతుందన్న భయం తగ్గిందా? మీరు తప్పని తేల్చుకున్న బోధకుడి కోసం మనస్ఫూర్తిగా ప్రార్థించగలుగుతున్నారా? ఈ చివరిది రాకపోతే మళ్లీ 1వ అడుగుకు వెళ్లండి.

ఇంట్లోవాళ్లు నమ్మేస్తే

అమ్మ ఫోన్ చేసి "ఆ అయ్యగారి నూనె తెప్పించుకో" అంటే, "అదంతా మోసం" అని మొదలుపెట్టకండి. ఆమె అక్కడికి వెళ్లింది మీ ఉద్యోగం కోసం, మీ ఆరోగ్యం కోసం. ముందు ఆమె దేనికి భయపడుతోందో అడగండి. ఆ విషయం ఫోన్‌లోనే కలిసి ప్రార్థించండి. రోజూ రాత్రి పది నిమిషాలు మార్కు సువార్త ఇద్దరూ కలిసి చదవండి, ఒక పేరా ఆమె, ఒక పేరా మీరు. చదువు రాకపోతే మీరే చదివి వినిపించండి. తప్పుల గురించి ఆమె తనంతట తాను అడిగేదాకా ఎత్తకండి. రెండు విషయాల్లో మాత్రం ఆగొద్దు. ఆమె బీపీ మాత్రలు వేసుకుంటోందా అని ఆ రోజే కనుక్కోండి. బంగారం తాకట్టు పెట్టి కానుక ఇవ్వాలనుకుంటుంటే, నాన్నతోనో అన్నయ్యతోనో మాట్లాడి ఆ పని ఆపించి, తర్వాతి శనివారం బస్సెక్కి ఇంటికి వెళ్లండి.